మొగిలి కనుమయు బెంగుళూరు దండును

చిత్తూరునుండి బంగారుపాళెము మీదుగా పలమనేరునకు పోవు బాటసారికి నడుమ మొగిలి కనుమ తగులును. చిత్తూరు సముద్రమట్టమునకు సుమారు 1,100 అడుగుల యెత్తున నున్నది. పలమనేరు 2,200 అడుగులు దాటినది. కొలది క్రోసుల దూరములో నేల వేయి అడుగులకు మించి పైకి లేచుచున్నదన్నమాట. కనుమకు పేరిచ్చిన మొగిలి గ్రామమున మొగిలీశ్వరుని కోవెల కలదు. బరువుబండి వెనుక చిక్కుకొని యీ యెక్కుడున మెల్లగా ప్రాకుచు పోవు ప్రయాణికుడు బాటను తిట్టుకొనును గాని, ఇది యెవరి యవసరమునకై వెడల్పయ్యెనో, ఎవరి చేతులు దీనిని వెడల్పు చేసెనో యని ప్రశ్నింపడు.

రోడ్లనుగూర్చి మనవారిలో రెండు మాటలు వాడుకలో నున్నవి. ఆంగ్లేయులు ప్రజల మేలుకోరి బాటలు వేసిరని ఒకరందురు. మన ధనమును తరలించుకొని పోవుటకే వేసిరని మరియొకరందురు. ఈ రెండు మాటలలో దేనిని నమ్మినను మనము మన యూరి బాటను చూడవలసిన పని తప్పిపోవును. మొగిలి కనుమ చరిత్ర యీ రెంటికిని లొంగదు. అది మొదట నొక దండుకొరకు వెడల్పైన బాట. ఆ దండు పెరిగినకొలది పెరిగి, ఆ దండునకు వేరొక దారి దొరకినపుడు వెనుకబడిన బాట.

చిత్తూరు సీమ తూర్పు మైదానమునకును పడమటి పీఠభూమికిని నడుమ గడపవలె నున్నది. గడపను దాటకుండ ఇంటిలోనికి పోవుట కుదరదు గదా! అందుచేత ఈ సీమ కనుమలు ప్రతి తరమునను సైన్యముల త్రొక్కిడికి గురియైనవి. 1740 మేనెలలో రఘోజీ భోంస్లే నాయకత్వమున వచ్చిన మహారాష్ట్రులు దామలచెరువు కనుమయొద్ద ఆర్కాటు నవాబు దోస్తు అలీఖానును చంపిరి. నవాబు కనుమను కాచుకొనియుండగా మహారాష్ట్రులు వేరొక దారిన చొచ్చి వెనుకనుండి వచ్చి పడిరి. నేడు మామిడికాయల మండీలకు పేరుపడిన దామలచెరువులో ఆ మాట తలచువారు తక్కువ. తరువాత నలుబది యేండ్లకు, 1780లో, హైదరలీ కర్ణాటకముపై దండెత్తెను. అతడు 1782 డిసెంబరు 7వ తేదీన చిత్తూరునకు సమీపమునందలి నరసింగరాయనిపేట శిబిరముననే కన్నుమూసెను. అతని దేహమును మొదట కోలారునకును, అటుపిమ్మట శ్రీరంగపట్టణమునకును కొనిపోయిరి. రాజు బ్రదికియుండి దిగి వచ్చిన కనుమలను అతని శవము మరల ఎక్కినది.

ఇంతవరకు సైన్యములు బాటలను వాడుకొనెనే గాని బాటలను చేయలేదు. గుఱ్ఱములును కాలిబంట్లును పోవుటకు కాలిదారి చాలును. బాటకు వెడల్పు కావలసివచ్చినది ఫిరంగికొరకు. కోటగోడలను పగులగొట్టు పెద్ద ఫిరంగిని పదులకొలది ఎడ్లు జతజతలుగా లాగవలెను. అన్ని జతలు వరుసగా నడుచునపుడు బాటలో మలుపు ఇరుకైనచో ముందరి యెడ్లొక దిక్కునకు, వెనుకటి యెడ్లొక దిక్కునకు లాగును, ఫిరంగి కదలదు. వాలు నిటారుగా నుండినచో ఎక్కునపుడు ఎద్దులు చచ్చును, దిగునపుడు మనుష్యులు చత్తురు. కనుక సైన్యముతోపాటు పారలు, గడ్డపారలు, గొడ్డళ్లు పట్టిన పయనీరు దళములు ముందు నడచెడివి. మద్రాసు సైన్యపు పయనీరులలో తెలుగు తమిళ దేశముల పేదకులములవారు పెక్కండ్రుండిరి. యుద్ధవర్ణనలలో సేనానుల పేర్లు కలవు. ముందు నడచి బండలు తొలగించినవారి పేర్లు లేవు.

1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిసు ప్రభువు వేలూరునొద్ద సైన్యమును కూర్చుకొనెను. అతడు ఆంబూరు వైపుగా బారామహలులోనికి పోవుచున్నట్లు టిప్పూసుల్తానునకు తోచునట్లు కొంత నటించి, హఠాత్తుగా ఉత్తరమునకు తిరిగి చిత్తూరు మీదుగా మొగిలి కనుమ నెక్కెను. టిప్పు మోసపోయెను. ఫిరంగులతోడి సైన్యమంతయు ఎదురులేక పలమనేరు చేరినది. అక్కడినుండి కోలారు, హొసకోట మీదుగా మార్చి 7వ తేదీన బెంగుళూరు పేటయు, 21వ తేదీన కోటయు వారి వశమయ్యెను. మొగిలి కనుమ అదృష్టమో దురదృష్టమో ఆనాడే నిర్ణయమైనదని చెప్పవచ్చును. భారీ ఫిరంగులు ఎక్కగలిగిన కనుమ ఇదియని సైనికాధికారులకు తెలిసిపోయినది.

ఆ యేటనే మే నెలలో జరిగిన వేరొక సంగతిని గూడ జ్ఞప్తియందుంచుకొనవలెను. శ్రీరంగపట్టణమువరకు పోయిన కారన్‌వాలిసు, మేతలేక ఎడ్లు వేలకొలది చచ్చిపోవుటచేత, తాను ఇంత శ్రమపడి కనుమ లెక్కించిన పెద్ద ఫిరంగులను తన చేతులతోనే పగులగొట్టించి వెనుకకు మరలవలసివచ్చెను. శత్రువుచేత గాదు, ఎద్దులు లేకపోవుటచేత ఓడెను. ఆ సైన్యమును ఆకలినుండి కాపాడినది ఎవరనగా బంజారీలు, మనవారు లంబాడీలనియు సుగాలీలనియు పిలుచువారు. వేలకొలది పెరికెద్దులపై ధాన్యము నెత్తుకొని వచ్చి దండుబజారులో అమ్మిరి. ఈ లంబాడీల సంగతిని మరల ఎత్తుకొందును.

1799లో శ్రీరంగపట్టణము పడెను. ఆంగ్లేయ సైన్యము అక్కడనే విడిసియుండెను గాని కావేరీనడుమనున్న ఆ దీవిలో జ్వరములు దానిని పీల్చివేసెను. అందుచే 1809 నాటికి బెంగుళూరునకు తూర్పున, హలసూరు చెరువునొద్ద, క్రొత్త దండు వెలసినది. దండనునది మన మాటయే, కన్నడిగుల మాటయును. నేటికిని అక్కడి రైలుస్టేషనును వారు దండు స్టేషననియే పిలుచుదురు. 1834లో మద్రాసు సాపర్లు గూడ బెంగుళూరునకు చేరిరి. దండు వెంట బజారు, బజారు వెంట కోమట్లు, మొదలియార్లు, చాకలివారు, దర్జీలు, కసాయివారు, గుమాస్తాలు మద్రాసునుండియు, ఆర్కాటునుండియు, మన చిత్తూరునుండియు వలసపోయిరి. 1881 జనాభా లెక్కలలో దండు జనము సుమారు 93 వేలు, పాత పేట జనము సుమారు 62 వేలు. అతిథియై వచ్చినది ఇంటివానికంటె పెద్దదయ్యెను.

ఇంత దండునకు ధాన్యమును మేతయు చుట్టుప్రక్కల దొరకును. కాని మందుగుండు, తుపాకులు, బట్టలు, మద్యము, ఔషధములు, క్రొత్తగా ఓడదిగిన పటాలములు, ఇవన్నియు మద్రాసు రేవునుండియే రావలెను. మద్రాసునకును బెంగుళూరునకును సుమారు 200 మైళ్లు. పటాలము దినమునకు పది పన్నెండు మైళ్లు నడచి, ఆదివారములును వానలును పోగా, మూడు వారములకు చేరును. పెదనాయకనిదుర్గము మీదుగా వేంకటగిరికోటకు ఎక్కు దారియు నుండెను. 1800లో ఫ్రాన్సిసు బుకానను అను వైద్యుడు మైసూరుదేశమును పరిశీలింపబోవుచు ఆ దారినే పోయెను. కాని చక్రముమీద పోవు బరువులకు మొగిలి దారియే మేలు. ఇట్లు మన సీమలోని యొక పల్లెబాట రెండు మహానగరముల నడుమ సైనికమార్గమైనది. నీలగిరులకు దారి యేర్పడకముందు మద్రాసులోని దొరలు ఎండకును జబ్బునకును తాళలేక పలమనేరునకు వచ్చి విశ్రాంతి గైకొనుచుండిరనుటయు ఈ బాట చలువయే. చిత్తూరు సైతము పందొమ్మిదవ శతాబ్దమున కొంతకాలము సైనికస్థానముగా నుండెను.

బాట వెడల్పు చేయుటకు కంపెనీవారికి మొదట అడ్డు తగిలినవారు పాళెగాండ్రు. కల్లూరు, పులిచెర్ల, పాకాల మున్నగు పాళెముల అధిపతులు అడవులను, కనుమలను ఏలుచు, కావలి రుసుము పేర దారిన పోవువారియొద్ద పుచ్చుకొనుచుండిరి. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యము కంపెనీ చేతికి వచ్చుటతో ఆ హక్కులు పోయెను. వారు తిరుగబడిరి, 1804 ప్రాంతమున సైన్యము వచ్చి వారి కోటలను కూల్చెను. పాళెగాండ్రు ప్రజలను పీడింపలేదని నేననను. కాని అడవియే వారి కోటగోడ. బాట వేయుట యనగా ఆ గోడను పడగొట్టుట. అదియు సైనికకార్యమే.

ఇక చెప్పవలసినది బాటక్రింద నలిగినవారినిగూర్చి. పటాలము నడచునపుడు దారిపొడుగున ప్రతి మజిలీలోను కట్టెలు, గడ్డి, పాలు, కోళ్లు, కుండలు, బండ్లు, కూలీలు సిద్ధముగా నుంచుట తహశీలుదారు విధి. తహశీలుదారు ఆజ్ఞ రెడ్డికి, కరణమునకు వచ్చును. రెడ్డి ఆజ్ఞ వెట్టివానికి వచ్చును. సర్కారు ధర చెల్లించునని కాగితముపై నుండును. ఆ ధర పైనుండి క్రిందికి దిగివచ్చుసరికి ఎంత మిగులునో పల్లెటూరి వారికి తెలియును. దుక్కి దున్నువేళ ఎద్దును విప్పుకొనిపోయి బండికి కట్టినచో రైతునకు పోయినది నాలుగుదినముల కూలికాదు, ఒక పంట. దండుబాటప్రక్క పొలముండుట భాగ్యమని నేటి స్థలవ్యాపారి అనుకొనును. ఆనాడు అది శాపము.

1852లో మద్రాసు నేటివు అసోసియేషను పార్లమెంటునకు పంపిన విన్నపమున ఈ కష్టములు గొంతెత్తినవి. దానిని స్థాపించినవాడు గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి, మద్రాసులోని తెలుగు వర్తకుడు, క్రెసెంటు పత్రిక నడిపినవాడు. పన్నుల భారము, వసూలులో హింస, ప్రజోపయోగకార్యములయెడ అశ్రద్ధ, ఇవి ఆ విన్నపమునందలి ముఖ్యవిషయములు. మరుసటి యేట పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమరు వచ్చినపుడు లక్ష్మీనరసు శ్రేష్ఠి అతనిని వెంటబెట్టుకొని జిల్లాలు త్రిప్పెను. దాని ఫలితముగా హింసావిచారణసంఘ మేర్పడి 1855లో నివేదిక వెలువడెను. పన్నునకై రైతులను ఎండలో వంచి నిలుపుట, బరువులెత్తించుట మొదలగునవి సర్కారు కాగితములలోనికే ఎక్కెను. దండునకు బాట కలదు, రైతునకు లేదు అను మాటను విదేశీయులు గాదు, ఒక తెలుగు శెట్టి ధైర్యముతో చెప్పించెను. మన చరిత్రపుస్తకములలో ఆయనకు లభించిన పంక్తులు బహుకొద్ది.

బాటలలో దండుబాట కానిదానిని చూడదలచినచో అదే సీమలో తిరుపతిదారి కలదు. 1830 మే నెలలో మద్రాసు సుప్రీముకోర్టు ఇంటర్‌ప్రెటరు ఏనుగుల వీరాస్వామయ్య నూరుమందికి పైగా పరివారముతో కాశీకి బయలుదేరి తిరుపతి, కడప మీదుగా పోయెను. ఆయన కాశీయాత్రచరిత్రలో ప్రతి మజిలీకిని బాట రాతిదో, ఇసుకదో, నీరు దొరకునో లేదో, దినుసులు అమ్ముదురో లేదో వ్రాసిపెట్టెను. ఒక ధనవంతుడగు ఉద్యోగి అంత జాగ్రత్తగా వ్రాసికొనవలసివచ్చెననినచో సామాన్యయాత్రికుని గతి యూహించుకొనవచ్చును. ఆనాడు తిరుమల దేవస్థానపు రాబడిని కంపెనీవారే వసూలు చేయుచుండిరి. 1843 వరకు చేసిరి, అటుపిమ్మట హాథీరాంజీ మఠపు మహంతుల కప్పగించిరి. కొండమీదికి మోటారు పోగల మొదటి ఘాటురోడ్డు తెరచినది మాత్రము 1944లో. ఫిరంగి మొగిలి కనుమ నెక్కిన నూటయేబది మూడేండ్లకు యాత్రికునకు తిరుమల బాట లభించినది. రెండవ ఘాటురోడ్డు 1974లో వచ్చినది. కాలినడకనే ఎక్కవలెనను భక్తియు కలదు, కాదనను; కాని కుంటివానికి, ముసలిదానికి ఆ భక్తి డోలీకూలీ భుజములమీద ఎక్కెడిది.

ఇప్పుడు రైలు సంగతి. 1856 జూలై 1వ తేదీన రాయపురమునుండి వాలాజారోడ్డునకు మొదటి బండి నడచెను. 1864లో జోలార్‌పేటనుండి బెంగుళూరు దండునకు లైను పడెను. మూడు వారముల ప్రయాణము ఒక దినములోనికి వచ్చెను. పటాలములు మొగిలి కనుమ నెక్కుట మానెను. వెడల్పు చేసినవారికే దానితో పని తీరినది. ఇచట విచిత్రమైన దేమనగా 1866లో రోడ్లకొరకు భూమిమీద ప్రత్యేకమగు సెస్సును విధించు చట్టము వచ్చెను. దండునకు బాట అక్కఱతీరిన రెండేండ్లకు బాటఖర్చు రైతునెత్తిన పడెను. ఇది ఉద్దేశపూర్వకమని నేననను, కాలక్రమ మట్లున్నది.

పిమ్మట 1876 మొదలు 1878 వరకు మహాకాటకము. రాయలసీమయు ఉత్తర ఆర్కాటు జిల్లాయు దారుణముగా దెబ్బతిన్నవి. పనికి వచ్చినవారికే కూలి యను నియమముతో కాటకపుపనులు తెరచిరి. అందు పెక్కు పనులు రోడ్లకు మన్ను మోయుటయు కంకరరాయి కొట్టుటయు. 1877లో సర్ రిచర్డు టెంపులు నిర్ణయించిన కూలి పెద్దమగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా. పౌననగా నలుబది తులములకు కొంచెము తక్కువ. ఎండుచున్న శరీరముతో ప్రొద్దస్తమానము రాళ్లు కొట్టువానికి అది చాలునా? చాలదని ఆరోగ్యాధికారి కార్నిషు గట్టిగా వాదించెను. కొన్నినెలలకు కూలిని పెంచవలసివచ్చెను. ఆ నడుమ చచ్చినవారికి ఆ పెంపువలన ప్రయోజనము లేదు. చిత్తూరుసీమలో ఏ బాటప్రక్కనైన పాతకంకర కనబడినపుడు అది యెవరు కొట్టినదని విచారించుట నాకలవాటైనది, సమాధానము దొరకదు.

బాటపని కులవృత్తిగా గల వడ్డెవారు మన సీమలో మిక్కుటము. రాతిపని చేయు కల్లువడ్డెలు, మన్ను త్రవ్వు మన్నువడ్డెలు, బండ్లపై రాయి తోలు బండివడ్డెలు అని వారిలో తెగలు. చెరువుకట్టలు, కోటలు, బాటలు, రైలుకట్టలు, అన్నియు వారి చేతిపనియే. పని యున్నచోట గుడిసె వేయుట, పని తీరినవెంటనే పీకుట. తాము వేసిన బాటప్రక్క వారికి ఇల్లు లేదు. బిడ్డకు బడి లేదు.

లంబాడీల గతి మరింత దుఃఖకరము. ఒకనాడు కారన్‌వాలిసు సైన్యమునకు అన్నము పెట్టినది వారి పెరికెద్దులు. తూర్పుతీరపు ఉప్పు కనుమలమీదుగా పైదేశమునకు పోవుటయు, పైదేశపు ధాన్యము క్రిందికి వచ్చుటయు వారివలనను, యెరుకలవారి వలనను జరిగెడిది. బాట వెడల్పై బండి వచ్చినపుడు వారి వర్తకము సగమైనది; రైలు వచ్చినపుడు మిగిలినదియు పోయినది. సంచరించుటయే వృత్తిగా గలవారు వర్తకము పోయిన పిమ్మటను సంచరించిరి. అంతట సర్కారువారికి వారు అనుమానాస్పదులైరి. 1871లో ఉత్తరదేశమున మొదలై 1911లో మద్రాసు రాజధానికి గూడ వచ్చిన నేరస్థజాతుల చట్టముక్రింద యెరుకలను, లంబాడీలలో కొందరిని పుట్టుకతోనే నేరస్థులని పట్టికలకెక్కించిరి. యెరుకలకై 1913లో బాపట్ల సమీపమున స్టూవర్టుపురము వెలసెను. దండును పోషించిన జాతి దండనకు పాత్రమయ్యెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1952లో, ఆ చట్టము దేశమంతట రద్దైనది. చట్టము పోయినది గాని, పల్లెలో దొంగతనము జరిగినపుడు పోలీసు మొదట ఎవరి గుడిసెకు పోవునో విచారించిన యెడల అది యెంతవరకు పోయినదో తెలియును.

బాటవలన మేలు కలుగలేదని చెప్పుట అన్యాయము. చిత్తూరు బెల్లము, మామిడి, పలమనేరు ప్రాంతపు కూరగాయలు మద్రాసునకును బెంగుళూరునకును పోవుచున్నవనిన అది యీ బాట పుణ్యమే. బాట వచ్చినచోట బడి వచ్చినది, ఆసుపత్రి వచ్చినది. అరకాటు మిషనువారు చిత్తూరు, పలమనేరు, మదనపల్లెలలో స్థిరపడిన కారణములలో బాట యొకటి యని నా తలపు. అంటరానివారు నడువకూడదనిన వీధులుండిన కాలమున సర్కారుబాటమీద అందరును నడువవచ్చుననుట చిన్నవిషయము కాదు. ఫిరంగికొరకు వెడల్పైన బాటమీద పంచముడు తలయెత్తి నడచెను. ఇది బాట వేసినవారు తలపెట్టినది కాదు, అయినను జరిగినది.

మోటారుయుగమున మొగిలి కనుమ మరల జీవించినది. మద్రాసు బెంగుళూరు రహదారి యని జాతీయమార్గమై లారీలతో నిండెను. తరువాత కృష్ణగిరి మీదుగా పోవు స్వర్ణచతుర్భుజి బాట విస్తరింపగా కొంత రద్దీ అటు మళ్లెను. 2022 మే 26వ తేదీన బెంగుళూరు చెన్నపట్టణముల నడుమ 262 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెసు బాటకు ప్రధానమంత్రి శంకుస్థాపన చేసెను. అది వేంకటగిరికోట, బైరెడ్డిపల్లె, పలమనేరు, బంగారుపాళెము, చిత్తూరు ప్రాంతముల పొలములను చీల్చుకొని పోవును. ఈ మారు బాట కావలసినది ఫిరంగులకు గాదు, కర్మాగారముల సరకునకు. భూమి కోల్పోవువారికి పరిహారము చెల్లింపవలెనను చట్టమును నేడు కలదు. 1809 నాటి రైతునకు అది లేదు. కాని కౌలుదారునకు, ఆ పొలములో కూలికి పోవు మాలమాదిగలకు, వడ్డెలకు పరిహారపుపట్టికలో పేరుండునా యనునది నేటి ప్రశ్న.

పాత కనుమలో మాత్రము ప్రమాదములు తగ్గలేదు. 2024 సెప్టెంబరులో మొగిలి కనుమలో ఆర్టీసీ బస్సును లారీ ఢీకొని పలువురు మరణించిరి. పైనుండి దిగుచున్న బరువుబండికి బ్రేకు నిలువకపోవుట ఆ వాలులో సాధారణమైన అపాయము. రెండువందల యేండ్లక్రిందట ఫిరంగి దింపునపుడు చక్రముల వెనుక రాళ్లు పెట్టుచు, మోకులు పట్టి వెనుకకు లాగుచు నడచిన కూలీలెదుర్కొన్నదియు ఇదే అపాయము. మొగిలీశ్వరుని కోవెల దగ్గర బండ్లాపి టెంకాయ కొట్టి దిగువారిని నేటికిని చూడవచ్చును.